కాఫీ రెమ్మకు చిల్లు, ఆకు మీద నీలం పురుగు: మందు కొట్టకండి

కూర్గ్ తోటలో కాఫీ రెమ్మలకు చిల్లులు పడ్డాయని, అక్కడే సన్నటి నీలం పురుగు తిరుగుతోందని రాశారు. కాండం తొలిచే పురుగేమోనని టెన్షన్ పడకండి. ఫొటోలో పొడవాటి మెడ, ఉబ్బిన కళ్లు, లోహపు మెరుపు చూస్తే అది నియోకాలిరిస్ అండీ, చెట్ల మీద బతికే టైగర్ బీటిల్. వేటాడి తినే రకం.

నేల మీద తిరిగే టైగర్ బీటిళ్ల పిల్లలు మట్టిలో బొరియ చేసుకుంటాయి. వీటి ఇల్లు మాత్రం రెమ్మలోనే. తల్లి చిల్లు చేసి గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు వీపు మీది కొక్కేలతో గోడకు పట్టుకుని, గుమ్మానికి తల అడ్డం పెట్టి కూర్చుంటుంది. దారిన పోయే చీమ దొరికిందా, లోపలికి లాగేస్తుంది. భలే ఓపిక! జావా కాఫీ తోటల్లో దీన్ని వందేళ్ల కిందటే గమనించారు.

గడ్డిపోచతో చిల్లు దగ్గర కదిపి చూడండి, నియోకాలిరిస్ పిల్లపురుగైతే చటుక్కున లోపలికి జారుకుంటుంది. కాండం తొలిచే తెల్ల పురుగైతే ప్రధాన కాండంలో ఉంటుంది, దాని సొరంగాల నిండా పొట్టు కూరి ఉంటుంది.

డొల్లయిన రెమ్మ గాలికి విరగొచ్చు. అలాంటివి కత్తిరింపుల్లో తీసేస్తే చాలు.