అలిపిరి దాటాకే పొయ్యి వెలిగించు

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే గోల. "అక్కా, వాడు ఫాండ్యూ చేస్తాడంట. చీజ్ కరిగించి మధ్యలో పెడితే అందరూ ముంచుకుని తినాలంట. మామగారు వాళ్లు దర్శనానికి వస్తుంటే నాలుగు దోసెలు పొయ్యకుండా ఇదేం పిచ్చి?" అని. "చెయ్యనీలేవే, వాడికి సరదా" అన్నాను పైకి. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. మన ఇళ్లలో గరిటె పట్టిన మగపిల్లాడు నువ్వొక్కడివే అని ఒకపక్క సంతోషం. ఎంచుకోక ఎంచుకోక పద్నాలుగేళ్ల కిందట నా పరువు తీసిన వంటనే ఎంచుకున్నావే అని ఇంకోపక్క గుబులు. వాట్సాప్‌లో పెడితే సగం చదివి బొటనవేలి బొమ్మ పంపిస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నా, ఫ్రిజ్ తలుపుకు అంటించుకో.

ఇది నాకెలా వచ్చిందో నీకు తెలుసు. మీ అక్క పురిటికి స్విట్జర్లాండ్‌లో ఫ్రిబూర్ వెళ్లి మూడు నెలలున్నాను. కింది ఇంటి ముసలావిడకు తెలుగు రాదు, నాకు ఫ్రెంచ్ రాదు. అయినా ఆవిడ చేతులతోనే అంతా నేర్పింది. గరిటె గుండ్రంగా తిప్పుతుంటే నా చెయ్యి పట్టుకుని 8 అంకె వేయించింది, గిన్నెలో మూలమూలకూ చేరాలని. ఆ మట్టిగిన్నెను వాళ్లు కాక్‌లోన్ అంటారు. ఊరొచ్చి చెప్తే మీ పెదనాన్న, "కాకికి లోన్ ఎవరిచ్చారే" అని వారం రోజులు ఏడిపించారు.

ఫాండ్యూ అంటే కరిగినది అని అర్థం, అంతే. పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. 1930ల్లో చీజ్ మిగిలిపోతుంటే అమ్ముకోవడానికి అక్కడి చీజ్ సంఘంవాళ్లు ఊరూరా ప్రచారం చేసి దాన్ని దేశమంతటి వంట చేశారంట. కాబట్టి చెయ్యి వణకనవసరం లేదు.

వైన్ సంగతి. అసలు పద్ధతిలో తెల్ల వైన్ పోస్తారు, నిజమే. మామగారు కొండ దిగి నేరుగా వస్తుంటే ఇంట్లో వైన్ సీసా మూత తియ్యకు. అది లేకపోతే వంట తక్కువైపోదు. ఫ్రిబూర్‌లోనే ఒక్క వాషరాన్ చీజ్‌ను ఉత్త నీళ్లు పోసి సన్నసెగ మీద కరిగించే ఫాండ్యూ ఉంది, వైన్ చుక్క పడదు. మనకు వాషరాన్ దొరకదు కాబట్టి వైన్ చేసే పని నిమ్మకాయతో చేయించాలి. దాని పులుపు చీజ్‌లో కాల్షియాన్ని పట్టుకుని, ముద్దకట్టకుండా చూస్తుంది. కూరగాయలు ఉడికించి వడగట్టిన నీళ్లలో నిమ్మరసం పిండు. ఆ నీళ్లకు బదులు పాలు పోద్దామనుకునేవు! పాలలో నిమ్మరసం పిండితే ఏమవుతుందో మీ అమ్మనడుగు, పన్నీరవుతుంది.

చీజ్ కొనేటప్పుడు మాత్రం కళ్లు తెరుచుకుని కొను. గ్రుయేర్ అనే పేరు చూసి, ఖరీదు చూసి, గొప్పదని ఆన్‌లైన్‌లో తెప్పించేవు. దాన్ని తోడుపెట్టేది దూడ కడుపులోంచి తీసిన రెన్నెట్‌తో. మీ అత్తగారు జీవితంలో గుడ్డు ముట్టని మనిషి. తిన్నాక తెలిస్తే ఆవిడ నిన్నేమీ అనదు, ఇంటికెళ్లి తలంటుకుని ఏడుస్తుంది. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉన్నదే తీసుకో. అమూల్‌వాళ్ల గౌడా గానీ ఎమెంటల్ గానీ 300 గ్రాములు, మామూలు ప్రాసెస్డ్ చీజ్ దిమ్మ 300 గ్రాములు. ఆరుగురికి చాలు. అక్కడ మనిషికి 200 గ్రాములు లాగించేస్తారు, మనవాళ్లు దాన్లో సగం తినేసరికే మజ్జిగ అడుగుతారు. ప్రాసెస్డ్ చీజ్ అని చిన్నచూపు చూడకు. అది నూనె వేరు, ముద్ద వేరు కాకుండా పట్టి ఉంచే ఉప్పులు దాన్లో ముందే ఉంటాయి. కొత్తవాడికి అదే దన్ను.

చేసే పద్ధతి నాలుగు మాటల్లో చెప్పేస్తా. చీజ్ తురిమి రెండు పెద్ద చెంచాల కార్న్‌ఫ్లోర్ కలిపి పెట్టుకో. 300 మిల్లీలీటర్ల కూరగాయల నీళ్లు, ఒక పెద్ద నిమ్మకాయ రసం గిన్నెలో పోసి పొగలొచ్చేదాకా వేడిచెయ్యి. సెగ బాగా తగ్గించి చీజ్ పిడికెడు పిడికెడుగా వేస్తూ తిప్పు, ఒక పిడికెడు కరిగాకే ఇంకోటి. ఉప్పు వెయ్యకు, చీజ్‌లో ఉన్నదే ఎక్కువ. బుడగ రాకూడదు, ఇది మాత్రం రెండుసార్లు చదువుకో.

వెల్లుల్లి రెబ్బతో గిన్నె లోపల రుద్దడం ఆనవాయితీ. కానీ దర్శనం రోజు వాళ్లు వెల్లుల్లి తింటారో లేదో అమ్మాయిని ముందే అడుగు.

నువ్వేదో హెర్బ్స్ వేస్తానన్నావంట. సీసాలో ఎండు థైమ్ కొంటే కొను. నన్నడిగితే మన వామాకు చాలు, రెండు ఆకులు సన్నగా తరిగితే అదే ఘాటు. థైమ్‌లో ఉండే థైమాల్ మన వాములోనూ ఉంది, కొత్తదేం కాదు. ఉల్లికాడల్లో పచ్చభాగం ఒక గుప్పెడు, కొత్తిమీర కొంచెం. కడిగాక గుడ్డలో చుట్టి తడి పూర్తిగా ఆర్చి, దించే ముందు వెయ్యి. ముందే వేస్తే నల్లబడి గడ్డి వాసనొస్తుంది. బేసిల్ దొరకలేదని, అదీ ఇదీ ఒకే జాతని, మీ అమ్మ పూజించే తులసికోట మీద చెయ్యి వేశావో, చిత్తూరు నుంచి బస్సెక్కి వచ్చి మరీ వీపు పగలగొడతా.

ఇక నా కథ విను. ఫ్రిబూర్ నుంచి వచ్చిన ఏడాదే, 2012 జనవరి. అప్పుడు మేం బైరాగిపట్టెడలో ఉండేవాళ్లం. మీ అక్క అత్తామామలు వాళ్లు గుంటూరు నుంచి దర్శనానికొచ్చారు. 300 రూపాయల టికెట్టు, మధ్యాహ్నం మూడుకే లోపలికెళ్తాం, ఏడింటికి మీ ఇంట్లో ఉంటాం అన్నారు. నేను ముప్పై ఏళ్లు పిల్లలకు హోమ్ సైన్స్ చెప్పినదాన్ని కదా, టైమంటే టైమే. ఆరున్నరకు పొయ్యి వెలిగించా. ఏడుకల్లా గిన్నెలో చీజ్ పట్టులా తయారైంది, గరిటె ఎత్తితే రిబ్బన్‌లా జారుతోంది. మీ పెదనాన్నను పిలిచి చూపించా కూడా.

ఏడున్నర. ఎనిమిది. ఫోన్ చేద్దామంటే, లోపలికెళ్లేవాళ్ల ఫోన్లు కౌంటర్‌లో పెట్టించుకుంటారాయె. ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్. మంట ఆర్పితే గిన్నె మీద తోలు కట్టింది. దాన్ని తిప్పి లోపల కలిపేశా. మళ్లీ వెలిగించా, మళ్లీ ఆర్పా. తొమ్మిదింపావుకు ఆటో ఆగింది. ముగ్గురికి కొత్త గుండ్లు, గంధం ఇంకా ఆరలేదు. చేతుల్లో లడ్డూ సంచులు, ముఖాల్లో ఆకలి. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. వాళ్లు కాళ్లు కడుక్కునేలోపు వేడి చేసేద్దామని మంట పెద్దది చేశా.

రెండు నిమిషాలు పట్టిందేమో. గిన్నె మధ్యలో తెల్లటి ముద్ద బంతిలా దగ్గరకొచ్చేసింది, చుట్టూ పసుపుపచ్చ నూనె. గరిటెతో కొడితే ముద్ద మొత్తం గరిటెకు వేలాడుతూ పైకొచ్చింది. అప్పుడైనా ఆగొచ్చు కదా! ఫ్రిజ్‌లోంచి చల్లటి పాలు తీసి పోశా. పిల్లలకు తరగతిలో పాలు విరగడం గురించి బోర్డు మీద బొమ్మ వేసి చెప్పినదాన్ని, నిమ్మరసమున్న గిన్నెలో నా చేత్తోనే పాలు పోశా. పలుకులు పలుకులుగా విరిగిపోయింది. వియ్యపురాలు వంటింట్లోకి తొంగిచూసి, "ఇదేదో కొత్తరకం పులుసులాగుంది వదినా" అంది. పాపం, ఎగతాళికి కాదు, నిజంగానే అనుకుంది. మీ పెదనాన్న ఒక్క మాట మాట్లాడకుండా రవ్వ డబ్బా తీసి నా పక్కన పెట్టారు. పది గంటలకు అందరం ఉప్మా, చెనక్కాయల చట్నీ తిన్నాం. అవతలికెళ్లి బాత్రూమ్ కొళాయి తిప్పుకుని ఏడ్చా.

పొద్దున లేచి చూస్తే ఆయన ఆ ముద్దను ముక్కలు కోసుకుని, పెనం మీద ఎర్రగా కాల్చి, కాఫీలోకి నంచుకుంటున్నారు. "బాగానే ఉందే, కాస్త ఎక్కువసేపు నమలాలి" అన్నారు. అవి అరగడానికి ఆయనకు రెండు రోజులు పట్టింది.

అందుకని చెప్తున్నా. అక్కడ ఊళ్లో అతిథి ఏడంటే ఏడింటికి గంట కొడతాడు. తిరుపతిలో మన అతిథి చేతిలో ఏమీ లేదు, పైన స్వామి ఎప్పుడు వదిలితే అప్పుడే. తురిమిన చీజ్, తరిగిన ఆకులు, కోసిన ముక్కలు అన్నీ సిద్ధం చేసి మూతలు పెట్టుకో. పొయ్యి మాత్రం వెలిగించకు. కొండ దిగడానికి ముప్పావు గంట పడుతుంది. అలిపిరి దాటాక ఫోన్ చెయ్యమను. అక్కడి నుంచి కె.టి. రోడ్డులో మీ ఇంటికి పది నిమిషాలు, కాళ్లు కడుక్కుని కాఫీ తాగేసరికి ఇంకో పావుగంట. నీకు సరిగ్గా అంతే కావాలి. ఒకవేళ పైన వెంగమాంబ సత్రంలో భోంచేసి వచ్చామంటే చీజ్ జోలికే పోకు, మర్నాడు చేద్దువుగానీ. గిన్నెలో గట్టిపడుతుంటే గోరువెచ్చటి నీళ్లు చెంచాడు పోసి తిప్పు, చల్లటివి వద్దు. కొంచెం విడిపోతున్నట్టు కనిపిస్తే దించేసి, నిమ్మరసంలో చెంచా కార్న్‌ఫ్లోర్ కలిపి పోసి గట్టిగా గిలక్కొట్టు.

ముంచుకోవడానికి బేకరీ మెత్తటి బ్రెడ్ పనికిరాదు, గిన్నెలోనే ఊడిపోతుంది. ముందు రోజు బ్రెడ్ కోసి పెనం మీద గట్టిగా కాల్చుకో. చిన్న ఉర్లగడ్డలు, కాలీఫ్లవర్ సగం ఉడకబెట్టు. ఎంగిలి సంగతి నువ్వు ఆలోచించి ఉండవు. ముంచిన ఫోర్కు నోట్లో పెట్టి మళ్లీ ముంచితే మీ అత్తగారు ఇక ఆ గిన్నె వైపు చూడదు. ఆ దేశంలోనే వాలే అనే చోట టమోటా వేసి ఫాండ్యూ చేసి, ఉడికించిన ఉర్లగడ్డల మీద గరిటెతో పోసుకుని తింటారు. మదనపల్లె టమోటా మనకేం కరువా? ఆవిడకు అలా విడిగా ప్లేటులో పెట్టు, అదేదో ఆవిడ కోసమే చేసినట్టూ ఉంటుంది. అడుగున కరకరలాడే మాడు మిగులుతుంది, అది పారేసేవు. మనం చిన్నప్పుడు పాలగిన్నె గోకడానికి కొట్టుకున్నట్టు వాళ్లు దానికోసం కొట్టుకుంటారు.

ఇంకో సంగతి. ఇది మీ అమ్మకు చెప్పలేదు, చెప్పకు.

ఆ రాత్రి వాళ్లకోసం ఎదురుచూస్తున్నప్పుడు బల్ల మీద గిన్నె చల్లారకుండా కింద పెట్టే స్పిరిట్ దీపం కొడిగట్టింది. ఆరిపోయిందనుకుని మీ పెదనాన్న సీసా వంచి స్పిరిట్ పోశారు. ట్యూబ్‌లైట్ వెలుతురులో ఆ నీలిమంట కంటికి ఆనదు, అది ఇంకా వెలుగుతూనే ఉంది. బుస్సుమని సీసా మూతి దాకా పాకింది. ఆయన సీసాను కిటికీలోంచి పెరట్లోకి విసిరేశారు కాబట్టి సరిపోయింది. కుడిచేతి మణికట్టు దగ్గర వెంట్రుకలన్నీ కాలిపోయాయి. అంగుళం మేర నల్లటి మచ్చ ఆయన పోయేదాకా అలాగే ఉంది. "ఇస్త్రీపెట్టె తగిలింది" అని అందరికీ చెప్పేవారు. చీజ్ పాడైనందుకు నేను ఏడ్చానని మీ అక్క ఇప్పటికీ నవ్వుతుంది. నేను దేనికి ఏడ్చానో ఆయనకే తెలుసు.

నీకు పెళ్లికి వచ్చిన ఫాండ్యూ సెట్టులో అదే రకం దీపం ఉందని మీ అమ్మ చెప్పింది. దాన్ని అటక మీద పెట్టెయ్. బఫేల్లో గిన్నెల కింద పెట్టే జెల్ డబ్బా కొనుక్కో. అదైనా అయిపోతే మళ్లీ వెలిగించొద్దు, పూర్తిగా చల్లారాక కొత్తది మార్చు. ఫ్యాన్ ఆపు, గాలికి మంట పక్కకు వాలుతుంది. అమ్మాయిని చున్నీ వెనక్కి ముడి వేసుకోమను. తడిగుడ్డ ఒకటి, పెద్ద మూత ఒకటి బల్ల మీదే ఉంచు.

ఇవన్నీ చదివి భయపడి దోసెలకు దిగిపోకు. నువ్వు చేస్తావు. ఆరో ఏట నా వంటింట్లో స్టూలెక్కి ఉప్మాలో నీళ్లెంత పొయ్యాలో నాకే చెప్పినవాడివి.

వాళ్లు అలిపిరి దాటామనగానే ముందు నాకు ఫోన్ చెయ్యి, ఆ తర్వాత పొయ్యి వెలిగించు. ఎంత రాత్రయినా మెలకువగానే ఉంటా. స్పీకర్ పెట్టి పక్కన పెట్టుకో, ఏమీ మాట్లాడనులే.

మీ పెద్దమ్మ