తెల్ల రెక్కల మీద ఎరుపు, నలుపు చుక్కలు

ప్రశ్న: సూర్యలంక దగ్గర ఇసుక దిబ్బల వెనక గడ్డిలో నడుస్తుంటే, అంగుళం కూడా లేని తెల్లని పురుగు ఒకటి పట్టపగలే లేచి, నాలుగడుగుల అవతల వాలింది. ఒంటి మీద ఎర్రని, నల్లని చుక్కలున్నాయి. ఇది సీతాకోకచిలుకేనా? మా జనుము చేలో తిరిగే నారింజ రంగుదీ ఇదీ ఒకటేనా? ఫొటో పంపుతున్నాను.
– ఒక పాఠకుడు, బాపట్ల

జవాబు: మీరు చూసినది సీతాకోకచిలుక కాదు, చిమ్మట. పగలు ఎగరడం వల్ల చాలామంది పొరబడతారు గానీ, మీసాలు చూస్తే అనుమానం తీరుతుంది: సీతాకోకచిలుక మీసాల కొనలు అగ్గిపుల్ల తలలా ఉబ్బి ఉంటాయి, దీనివి చివరిదాకా దారంలా సన్నగా సాగాయి. తెల్లని ముందురెక్కల నిండా నల్లచుక్కలు, వాటి సందుల్లో ఎర్రమచ్చలు, వాలగానే రెక్కలను ఒంటికి చుట్టేసుకోవడం, ఇవన్నీ యుటెథైసా అనే ప్రజాతి (దగ్గరి చుట్టాలైన జాతుల గుంపు) గుర్తులు.

మీ చేలోని నారింజ రంగుది బహుశా ఆర్జినా ఆస్ట్రియా అనే ఇంకో చిమ్మట కావచ్చు. జనుము, గిలిగిచ్చ మొక్కలు రెండింటి గొంగళ్లకూ ఆహారం కనుక అవి ఒకే చోట కనిపించి తికమక పెడతాయి. ఆర్జినా కాస్త పెద్దది. దాని ముందురెక్కల మీద ఎర్రమచ్చలుండవు, నల్లచుక్కల చుట్టూ లేత రంగు వలయాలుంటాయి. వెనకరెక్కలు కనబడితే ఇక తడుముకోనక్కరలేదు. ఆర్జినాకు అవి ముదురు నారింజ రంగులో నల్లమచ్చలతో ఉంటాయి. యుటెథైసాకు తెల్లగా ఉండి, బయటి అంచున మాత్రం, సిరా ఒలికి పాకినట్టు, వంకరటింకర నల్లపట్టీ ఉంటుంది.

అసలు చిక్కు యుటెథైసాలో ఏ జాతి అన్న దగ్గరే వస్తుంది. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ పేరు పెట్టిన పుల్కెల్లా, దాన్ని అచ్చుగుద్దినట్టుండే లోట్రిక్స్, రెండూ మన దేశంలో ఉన్నాయి. చుక్కల పరిమాణం ఒకే జాతిలోనూ మారుతుంటుంది కాబట్టి, ఖాయంగా తేల్చడానికి నిపుణులు మగదాని జననాంగాలను సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తారు. రెక్కలు ముడిచిన మీ ఫొటో కింద ‘యుటెథైసా’ అని మాత్రమే రాసుకోండి. ఫోన్ యాప్ దాని పక్కన జాతి పేరు కూడా జోడించినా నేనైతే నమ్మను.

ఈసారి వెళ్లినప్పుడు అది లేచిన చోట చుట్టూ గిలిగిచ్చ గానీ తేలుమణి గానీ ఉందేమో చూడండి. గొంగళి ఆ ఆకుల్లోని విషపు ఆల్కలాయిడ్లను ఒంట్లో దాచుకుంటుంది, రెక్కలొచ్చాక కూడా ఆ చేదు పోదు; పిట్టలున్న చోట పట్టపగలు తిరిగే ధైర్యం దానికి అలా వచ్చిందే.