కుక్క చర్మం ఎర్రగా కందితే డెట్టాల్ రాయొచ్చా?

వద్దు, రూపాయి బిళ్ళంత మేర ఎర్రబడి, చీము లేకుండా ఉంటే ఉప్పునీళ్ళు చాలు. అరలీటరు నీళ్ళు మరగబెట్టి చల్లార్చి, ఒక టీస్పూను ఉప్పు, అంటే దాదాపు 5 గ్రాములు కలపండి. ముందు ఆ చోటు చుట్టూ వెంట్రుకలు కత్తిరించాలి. చాలామంది ఇదే వదిలేస్తారు, అందుకే పుండు మానదు. తడిసిన వెంట్రుకల కింద గాలాడక సూక్ష్మజీవులు పెరుగుతాయి, దురద పుడుతుంది, కుక్క నాకుతుంది, మళ్ళీ తడి. అందుకని ఉప్పునీటిలో ముంచిన మెత్తటి గుడ్డను రోజుకు రెండు మూడుసార్లు, ఐదేసి నిమిషాలు అద్ది, పొడిగుడ్డతో ఒత్తి పూర్తిగా ఆరబెట్టాలి. రుద్దితే పైపొర లేచిపోతుంది. నాకకుండా మెడకు కోన్, అంటే గరాటులాంటి పట్టీ, కట్టండి.

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు వానాకాలంలో వరిమళ్ళలో తిరిగొచ్చిన కుక్కకు కాలివేళ్ళ సందులు కందుతుంటాయి. బురద కడిగి, ఒక్కో సందూ ఆరబెట్టి, పైన చెప్పినట్టు అద్దితే రెండు రోజుల్లో ఎరుపు తగ్గడం మొదలవుతుంది.

మనుషులకు వాడేది కుక్కకూ పనికొస్తుందనుకోవడమే పొరపాటు. డెట్టాల్ చర్మాన్ని మండిస్తుంది, నాకితే కడుపులోకి పోతుంది. గజ్జికి కిరోసిన్, ఇంజన్ ఆయిల్ పూయడం ఇంకా ప్రమాదం: చర్మం కాలుతుంది, విషం ఒంట్లోకి దిగుతుంది. గజ్జి కంటికి కనబడని పురుగుల వల్ల వస్తుంది, దానికి పశువైద్యుడి మందే కావాలి. రెండు రోజుల్లో తగ్గకపోయినా, పుండు పాకినా, వాసన వచ్చినా, వెంట్రుకలు కుచ్చులుగా రాలినా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి.