రోబోతో స్కానింగ్ చేస్తానంటోంది, ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మాది అనంతపురం. ఉద్యోగరీత్యా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయి పీయూసీలో పీసీఎంబీ చదివింది. నీట్‌లో సీటు వచ్చే ర్యాంకు రాలేదు. ఎక్కడో కూర్చుని రోబోతో అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేసే వీడియో చూసి అదే చేస్తానంటోంది. బీఎస్సీ ఇమేజింగ్ మంచిదా, ఒక ప్రైవేటు కాలేజీవాళ్లు చెబుతున్న మెడికల్ రోబోటిక్స్ బీటెక్ మంచిదా? డాక్టర్ ఎలాగూ కాలేకపోయింది, కనీసం ఆ పక్కనైనా ఉండాలని మా ఆశ.

జవాబు: మీ ఆఖరి వాక్యం చదివి బాధేసింది. నీట్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ ఇదే ప్రశ్న వస్తుంది, కోర్సు పేరు మాత్రం మారుతుంటుంది. 'కాలేకపోయింది' అన్న మాట ఆ పిల్ల చెవిన ఎన్నిసార్లు పడిందో! ముందు ఇంట్లో ఆ మాట మానేయండి. తనేమీ ఓడిపోలేదు. చేతిలో లెక్కలూ ఉన్నాయి, బయాలజీ కూడా ఉంది.

తను చూసింది నిజంగా గొప్ప పనే. 2020లో కరోనా విజృంభించినప్పుడు కెనడాలోని లా లోష్ అనే మారుమూల ఊళ్లో గర్భిణులకు రోబోతో స్కానింగ్ చేశారు. దాన్ని నడిపినవాళ్లు కూర్చున్నది దాదాపు 600 కిలోమీటర్ల దూరంలో, సాస్కటూన్ నగరంలో. స్కానింగ్‌లో ఒంటి మీద ఆనించి జరిపే చేతి పరికరాన్ని ప్రోబ్ అంటారు. ఫ్రాన్స్‌లో తయారైన మెలొడీ అనే రోబోలో దూరంగా ఉన్న నిపుణులు ఉత్తుత్తి ప్రోబ్‌ను ఎలా వంచితే రోగి దగ్గరున్న అసలు ప్రోబ్ అలా వంగుతుంది. అయినా జెల్ రాసి, రోబో చట్రాన్ని పొట్ట మీద సరైన చోట పట్టుకునే మనిషి రోగి పక్కనే ఉండాలి. కాబట్టి రోబో అందరి ఉద్యోగాలూ లాక్కుంటుందన్న భయం వద్దు.

అయితే కెనడాలో ప్రోబ్ పట్టేది సోనోగ్రాఫర్, అంటే స్కానింగ్‌లో శిక్షణ పొందిన టెక్నీషియన్; డాక్టర్ కాదు. మన దగ్గర అలా కాదు. లింగ నిర్ధారణను అడ్డుకునే 1994 నాటి చట్టం ప్రకారం గర్భిణికి స్కానింగ్ చేయాల్సింది తగిన అర్హత, శిక్షణ ఉన్న డాక్టరే. సెంటర్ రిజిస్టర్ అయి ఉండాలి, ప్రతి గర్భిణికీ స్కానింగ్ వివరాలు రాసే ఫారం ఎఫ్ నింపాలి. ఆడపిల్లల ప్రాణాలు కాపాడే చట్టం అది, సడలించాలని నేను అనను. కానీ దాని ఫలితం మీకు తెలియాలి. బీఎస్సీ ఇమేజింగ్ చదివితే పని దొరికేది ప్రధానంగా ఎక్స్‌రే, సీటీ, ఎంఆర్‌ఐ గదుల్లో. రేపు రోబో వచ్చినా గర్భిణి స్కానింగ్‌కి దాని ముందు కూర్చునేది డాక్టరే. వీడియోలో తను చూసిన ఉద్యోగం ఆ డిగ్రీతో ఇక్కడ రాదు.

ఇక మెడికల్ రోబోటిక్స్ బీటెక్. నాకు దీని మీద గట్టి అనుమానాలున్నాయి. 2001లోనే న్యూయార్క్‌లో ఉన్న సర్జన్లు ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న రోగికి రోబోతో పిత్తాశయం తీశారు. ఇరవై ఏళ్లు దాటినా అలా సముద్రం అవతలి నుంచి ఆపరేషన్ చేయడం ఆస్పత్రుల్లో రోజువారీ పని కాలేదు. ఇంత నెమ్మదిగా నడిచే రంగానికి, నాలుగేళ్లలో ఉద్యోగం వెతుక్కోవాల్సిన పిల్లను కట్టేస్తారా? పైగా ఈ రోబోల్లో అసలు చిక్కులేమిటి? ప్రోబ్ ఎంత నొక్కుతోందో దూరాన ఉన్న చేతికి తెలియాలి, సిగ్నల్ ఆలస్యమైతే తట్టుకోవాలి, నెట్ తెగితే చేయి ఎవరికీ హాని లేకుండా ఆగిపోవాలి. ఇవన్నీ ఎలక్ట్రానిక్స్, కంట్రోల్ సిస్టమ్స్, మెకానికల్, ప్రోగ్రామింగ్ సమస్యలే. మంచి కాలేజీలో ఈసీఈ చదివిన అమ్మాయి వైద్య పరికరాల వైపు వెళ్లగలదు. అందులో దారి దొరక్కపోతే వేరే చోట బతకగలదు. జీఈ హెల్త్‌కేర్, ఫిలిప్స్, సీమెన్స్ హెల్తినీర్స్ లాంటి కంపెనీల ఇంజనీరింగ్ కేంద్రాలు మీ బెంగళూరులోనే ఉన్నాయి.

బీఎస్సీ ఇమేజింగా, ఈసీఈనా అంటే నేను చెప్పను. ఆ వీడియోలో తనకు నచ్చింది మంచం మీదున్న మనిషా, కదిలే యంత్రమా అని అడగండి. అడిగాక మధ్యలో అందుకోకండి. మనిషి అంటే బీఎస్సీ ఇమేజింగ్ గౌరవమైన చదువే, సీటీ, ఎంఆర్‌ఐ మీద మంచి చేయి తిరిగితే పనికి లోటుండదు. యంత్రం అంటే ఈసీఈ. మళ్లీ నీట్ రాస్తానంటే అది తన కోరిక కావాలి, మీది కాదు.

ఆ ప్రైవేటు కాలేజీకి వెళితే, బయటికొచ్చిన విద్యార్థులు ఏ కంపెనీలో ఏ హోదాలో చేరారో కాగితం మీద అడగండి. 'తర్వాత చెబుతాం' అంటే అడ్వాన్సు కట్టకుండా వచ్చేయండి.