లీజు 80 ఏళ్ల కిందికి జారితే

ఇంగ్లండులో లీజ్‌హోల్డ్ ఫ్లాట్లున్న పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. లీజ్‌హోల్డ్ అంటే లీజులో రాసిన కాలం వరకే ఫ్లాటు మీది. ఆ తర్వాత అది భవనం అసలు ఓనరైన ఫ్రీహోల్డర్‌కు పోతుంది. లీజు నడిచినన్నాళ్లూ ఫ్రీహోల్డర్‌కు ఏటా కట్టేది గ్రౌండ్ రెంట్.

ప్రశ్న: రీడింగ్‌లో మాకు రెండు బెడ్‌రూముల ఫ్లాటుంది. లీజు 2005 మార్చి 25 నుంచి 99 ఏళ్లు. అంటే ఇక 78 ఏళ్లే మిగిలింది. గ్రౌండ్ రెంట్ ఏడాదికి 250 పౌండ్లు. కొత్త చట్టంతో ఒకేసారి 990 ఏళ్లు వస్తాయని, ఖర్చు కూడా తగ్గుతుందని అంటున్నారు. ఆగమంటారా, ఇప్పుడే పొడిగించుకోమంటారా?

జవాబు: ముందు ఇప్పుడెంతవుతుందో చూద్దాం. పొడిగించాక ఫ్లాటు విలువ 3,00,000 పౌండ్లనుకోండి. పొడిగింపుకు ఫ్రీహోల్డర్‌కు కట్టే మొత్తాన్ని ప్రీమియం అంటారు. అందులో మూడు భాగాలుంటాయి. 78 ఏళ్లకు ఫ్రీహోల్డర్ చేతికి రావాల్సిన ఫ్లాటు మరో 90 ఏళ్లు ఆలస్యమవుతుంది కదా, దానికి పరిహారం మొదటిది. ఫ్లాట్లకు మామూలుగా వాడే 5 శాతం రేటుతో లెక్కేస్తే సుమారు 6,600. రెండోది ఆగిపోయే గ్రౌండ్ రెంట్‌కు బదులు. 6 శాతం రేటుతో సుమారు 4,100. మూడోది మ్యారేజ్ వాల్యూ. లీజు పెరగడం వల్ల మీకూ ఫ్రీహోల్డర్‌కూ కలిపి ఎంత విలువ పెరుగుతుందో అందులో సగం. ఇప్పుడున్న లీజుతో ఫ్లాటు 2,82,000 పలుకుతుందనుకుంటే ఆ సగం 3,600 దాకా వస్తుంది. అన్నీ కలిపి దాదాపు 14,300.

ఇదే ఫ్లాటుకు 81 ఏళ్లున్నప్పుడు అడిగి ఉంటే 9,800 దగ్గర తేలేది. మిగిలిన కాలం 80 ఏళ్లకు పైన ఉంటే మూడో భాగం ఉండదు మరి. సరిగ్గా 80 అయినా చాలదు, దాటి ఉండాలి. ఈ కాలాన్ని లీజులో రాసిన ప్రారంభ తేదీ నుంచే లెక్కించాలి. మీరు ఫ్లాటు కొన్న తేదీతో దీనికి సంబంధం లేదు.

రెండు పక్షాల తరఫునా విలువ కట్టే వాల్యుయర్లు ఎక్కువగా వాదులాడుకునేది ఆ 2,82,000 అంకె మీదే. పూర్తి విలువలో అది 94 శాతం. అవతలివాళ్ల వాల్యుయర్ 91 అంటాడు. ఒక్కో శాతానికి మీ ప్రీమియం 1,500 పౌండ్లు మారుతుంది. కాబట్టి వాల్యుయర్ ఫీజు దగ్గర పీనాసితనం వద్దు.

ఇక ఆగడం సంగతి. 990 ఏళ్ల పొడిగింపు, మ్యారేజ్ వాల్యూ రద్దు రెండూ 2024 నాటి లీజ్‌హోల్డ్ సంస్కరణ చట్టంలో ఉన్నమాట నిజమే. కానీ అవి అమలు కావాలంటే ప్రభుత్వం విడిగా నిబంధనలు తేవాలి. లెక్కకు వాడే రేట్లు కూడా ఆ నిబంధనల్లోనే వస్తాయి. మీ లీజు ఎటూ 80 ఏళ్ల గీత దాటి కిందికి వచ్చేసింది గనక, అమ్మే ఆలోచన, రీమార్ట్‌గేజ్ (ఇంటి అప్పు మార్చుకోవడం) అవసరం దగ్గర్లో లేకపోతే ఆగి చూడొచ్చు. రెండింట్లో ఏది ఉన్నా ఆగొద్దు. చాలామంది లెండర్లు పొట్టి లీజులకు అప్పివ్వరు. 81, 82 ఏళ్ల దగ్గరున్నవాళ్లు మాత్రం కొత్త చట్టం మీద ఆశ పెట్టుకోకుండా వెంటనే నోటీసివ్వాలి. విలువ కట్టేది నోటీసిచ్చిన రోజు లెక్కనే. తర్వాత బేరం ఎన్ని నెలలు సాగినా ఆ తేదీ మారదు.

నోటీసంటే 1993 చట్టం కింద సెక్షన్ 42 నోటీసు. దాంతో ఉన్న లీజుకు 90 ఏళ్లు కలుస్తాయి, గ్రౌండ్ రెంట్ పూర్తిగా పోతుంది. అందులో మీరు ఇస్తామనే మొత్తం రాయాలి. తక్కువ రాయొచ్చు గానీ పేరుకి వంద పౌండ్లని రాస్తే నోటీసే చెల్లదు. ఫ్రీహోల్డర్ జవాబుగా పంపే కౌంటర్ నోటీసుకు కనీసం రెండు నెలల గడువివ్వాలి. మీరు రాసిన మొత్తంలో 10 శాతం, లేదా 250 పౌండ్లు, ఏది ఎక్కువైతే అది ఫ్రీహోల్డర్ డిపాజిట్‌గా అడగొచ్చు. మీ సొలిసిటర్, వాల్యుయర్ ఫీజులతో పాటు అవతలివాళ్ల సమంజసమైన ఫీజులూ మీ మీదే పడతాయి. బడ్జెట్‌లో జనం మరిచిపోయేది ఇదే.

కౌంటర్ నోటీసు వచ్చాక రెండు నెలల్లో ధర కుదరకపోతే, దాన్ని తేల్చే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేయొచ్చు. అది కౌంటర్ నోటీసు తేదీ నుంచి ఆరు నెలల్లోపే చేయాలి. బేరం బాగానే సాగుతోంది కదా అని ఈ గడువు వదిలేస్తే క్లెయిమ్ రద్దవుతుంది, మళ్లీ నోటీసివ్వాలంటే 12 నెలలు ఆగాలి.

ప్రశ్న: నోటీసూ గీటీసూ ఎందుకు, 9,000 పౌండ్లిస్తే 125 ఏళ్ల లీజు రాసిస్తామని ఫ్రీహోల్డర్ ఉత్తరం రాశారు. గ్రౌండ్ రెంట్ అలాగే ఉంటుందట. మా లీజు కూడా 2005 నాటి 99 ఏళ్లదే. ఒప్పుకోవచ్చా?

జవాబు: 125 ఏళ్లు ఎప్పటి నుంచో ముందు అడగండి. 2005 నుంచి అయితే మీకు కలిసేది 26 ఏళ్లే! ఇంకో పాతికేళ్లకు మీరో, మీ దగ్గర కొన్నవాళ్లో మళ్లీ ఇదే డబ్బు కట్టాలి. ఇలాంటి విడి ఒప్పందాల్లో పాత లీజు ముగిసేదాకా, అంటే మీ విషయంలో 2104 వరకు, పాత గ్రౌండ్ రెంట్ కొనసాగించడానికి 2022 గ్రౌండ్ రెంట్ చట్టం ఒప్పుకుంటుంది. పెంచడానికి ఒప్పుకోదు. ముసాయిదాలో పెంపు కనిపిస్తే కొట్టేయించండి. అలాగే అద్దెకిచ్చుకోవడానికి అనుమతి ఫీజులాంటి కొత్త షరతులు దూర్చారేమో ఒక్కో క్లాజూ చూడాలి. మార్ట్‌గేజ్ ఉంటే మీ లెండర్ అనుమతి కూడా కావాలి. పైగా ఈ ఆఫర్‌ను వాళ్లు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. నోటీసిచ్చినప్పటిలా ఇక్కడ విలువ కట్టే తేదీ స్థిరపడదు. ఇదే ధరకు 90 ఏళ్లు కలిపి గ్రౌండ్ రెంట్ తీసేస్తామంటే తప్ప మేమైతే ఒప్పుకోమనం.

ప్రశ్న: లీడ్స్‌లో మా ఇద్దరి పేర్న ఫ్లాటుంది, మేం హైదరాబాద్ వచ్చేశాం. ఫ్రీహోల్డర్ జాడ లేదు, గ్రౌండ్ రెంట్ అడిగినవాళ్లూ లేరు. ఇక్కడి నుంచే పొడిగించుకోవచ్చా?

జవాబు: వచ్చు. నోటీసు మీద ఓనర్లే స్వయంగా సంతకం పెట్టాలన్న నియమం 2014లో పోయింది. ఇద్దరి తరఫునా మీ సొలిసిటర్ పెట్టొచ్చు. ఆస్తి యాజమాన్యం నమోదు చేసే ల్యాండ్ రిజిస్ట్రీ నుంచి భవనం ఫ్రీహోల్డ్ టైటిల్ (యాజమాన్య రికార్డు) తీయించండి. మీకూ ఫ్రీహోల్డర్‌కూ మధ్యలో ఇంకొకరి లీజు (హెడ్ లీజు) ఉంటే నోటీసు ఎవరికివ్వాలన్నది మారుతుంది. వెతికినా మనిషి దొరక్కపోతే కౌంటీ కోర్టుకు వెళ్లాలి. ధర ట్రిబ్యునల్ తేలుస్తుంది, డబ్బు కోర్టులో కడతారు, ఫ్రీహోల్డర్ లేకుండానే కొత్త లీజు వస్తుంది.

ప్రశ్న: కొనబోతున్న ఫ్లాటు లీజు 80 ఏళ్ల 4 నెలలు. కొన్నాక పొడిగింపు అడగడానికి రెండేళ్లు ఆగాలా?

జవాబు: ఆ రెండేళ్ల నియమం 2025 జనవరి 31న ఎత్తేశారు. అయితే ల్యాండ్ రిజిస్ట్రీలో మీ పేరు ఎక్కేదాకా నోటీసివ్వలేరు, అక్కడ ఆలస్యాలు మామూలే. 80 ఏళ్ల గీతకు మీకున్నది నాలుగు నెలలు. కాబట్టి కంప్లీషన్‌కు, అంటే కొనుగోలు పూర్తయ్యే రోజుకు ముందే అమ్మేవాళ్ల చేత నోటీసిప్పించి, ఫ్లాటుతో పాటే ఆ హక్కునూ మీకు బదిలీ చేసేలా కాంట్రాక్టులో రాయించండి. రెండూ ఒకే రోజు జరగాలి. ఫ్లాటు ముందు, హక్కు తర్వాత అంటే నోటీసు చచ్చిపోయినట్టే. నోటీసులో రాసే మొత్తం మాత్రం మీ వాల్యుయర్ చెప్పిందే ఉండాలి.