అసలు ప్రతా, రీప్రింటా?

గోర్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ (బ్రిటిష్ కాలంలో ఆ జిల్లా వివరాలతో వచ్చిన పుస్తకం) దొరికిందనీ, టైటిల్ పేజీలో 1883 అనే ఉన్నా కాగితం మరీ తెల్లగా ఉందనీ, రీప్రింటేమో అని అనుమానంగా ఉందనీ మీరు రాశారు. మీ అనుమానం సబబే. ఇలాంటి పాత పుస్తకాలను ఫొటో తీసి మళ్లీ అచ్చేసినప్పుడు పాత టైటిల్ పేజీని అలాగే ఉంచేస్తారు. అక్కడున్న ఏడాదిని పట్టించుకోకండి, దాని వెనక పేజీ చూడండి. ఐఎస్‌బీఎన్ (పుస్తకాలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరు) కనిపిస్తే అది రీప్రింటే, ఇక వాదనే లేదు. ఆ నంబర్లు వాడుకలోకి వచ్చిందే 1970 ప్రాంతంలో.

కొందరు ఆ పేజీని చింపేసి అమ్ముతారు. అప్పుడు ఏదో ఒక పేజీని దీపం ముందు ఏటవాలుగా పట్టుకోండి. సీసపు అచ్చులతో కొట్టిన అక్షరం కాగితంలోకి కాస్త దిగి ఉంటుంది, వెనక వేలితో తడిమితే సన్నగా ఉబ్బు తగులుతుంది. ఫొటో తీసి ఆఫ్‌సెట్ పద్ధతిలో అచ్చేసిన ప్రతి నున్నగా ఉంటుంది. పైగా పాత ప్రతి మీది మరకలు, ఎవరో గీసిన గీతలు కూడా అందులో నల్లగా అచ్చయిపోతాయి.

అసలుదే అని తేలినా వెంటనే డబ్బు కట్టకండి. విషయసూచిక ముందు పెట్టుకుని మ్యాపులు, పట్టికలు అన్నీ ఉన్నాయో లేదో సరిచూసుకోండి. లైబ్రరీ ముద్ర ఉంటే, ఆ లైబ్రరీ పుస్తకాన్ని తొలగించినట్టు ఇంకో ముద్ర కూడా ఉండాలి. లేకపోతే వదిలేయడమే మంచిది. చదువుకోవడానికే అయితే రీప్రింట్ చాలు, కానీ రీప్రింట్ ధరకే తీసుకోండి.