గూఢచారి చిత్రాల దారిలో కాలిఫోర్నియా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా ఇంట్లో చిన్నా పెద్దా అందరికీ జేమ్స్ బాండ్ చిత్రాలంటే ప్రాణం. ఈసారి సెలవుల్లో కాలిఫోర్నియాలో గూఢచారి చిత్రాల షూటింగ్ జరిగిన చోట్లన్నీ కారులో చుట్టి రావాలని అనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకురాలు, శాన్ హోసే

జవాబు: మీ ఊరికి గంట దూరంలో ఉన్న శాన్ ఫ్రాన్సిస్కోలోనే మొదలుపెట్టండి. అందుకు మీకు మరో కారణం కూడా ఉంది. 1985లో వచ్చిన 'ఎ వ్యూ టు ఎ కిల్' చిత్రంలో ప్రతినాయకుడు జోరిన్ పన్నిన పథకమంతా మీ సిలికాన్ వ్యాలీ మీదే. హేవర్డ్, శాన్ ఆండ్రియాస్ భూభ్రంశాల (భూమి పొరల్లోని పెద్ద పగుళ్ల) కింద నీళ్లు నింపి, పేలుళ్లతో భూకంపం పుట్టించి, మైక్రోచిప్‌లు తయారయ్యే ఆ లోయను ముంచేసి, ఆ వ్యాపారాన్నంతా తన గుప్పెట్లో పెట్టుకోవాలని అతని ఆలోచన. బాండ్‌గా రోజర్ మూర్‌కు అది చివరి చిత్రం. జోరిన్‌గా క్రిస్టఫర్ వాకెన్ నటించారు.

మొదట సిటీ హాల్‌కు వెళ్లండి. పనిదినాల్లో ఎవరైనా ఉచితంగా లోపలికి వెళ్లవచ్చు. 1915లో పూర్తయిన ఈ భవనపు గుమ్మటం వాషింగ్టన్‌లోని కాపిటల్ గుమ్మటం కన్నా ఎత్తయినది. చిత్రంలో బాండ్‌నూ కథానాయిక స్టేసీనీ లిఫ్టులో బంధించి భవనానికి నిప్పు పెట్టేది ఇక్కడే. లోపలి పాలరాతి మెట్ల దగ్గర కాసేపు నిలబడి, తలెత్తి ఆ గుమ్మటాన్ని చూస్తే, దర్శకుడు జాన్ గ్లెన్ మంటలకు ఈ భవనాన్నే ఎందుకు ఎంచుకున్నారో అర్థమవుతుంది: ఇంతటి హుందాతనం కళ్లముందు ఉన్నప్పుడే అది కాలిపోతుందేమోనన్న భయం ప్రేక్షకుడికి తగులుతుంది. అప్పటి మేయర్ డయాన్ ఫైన్‌స్టైన్ సహకరించడం వల్లనే నగరం నడిబొడ్డున ఇలాంటి చిత్రీకరణ సాధ్యమైంది.

అక్కడి నుంచి బేస్‌బాల్ స్టేడియం పక్కనున్న లెఫ్టీ ఓడూల్ వంతెనకు వెళ్లండి. ఫైరింజను మీద బాండ్ పారిపోతుండగా పైకి లేచే వంతెన ఇదే. చాలామంది అభిమానులు దీన్ని చూడకుండానే దాటిపోతారు, అది నాకు బాధ కలిగించే విషయం. 1933లో తయారైన ఈ చిన్న వంతెన రూపకర్త జోసెఫ్ స్ట్రాస్. నాలుగేళ్ల తర్వాత, 1937 మే నెలలో ప్రారంభమైన గోల్డెన్ గేట్ వంతెనకు ప్రధాన ఇంజనీరు కూడా ఆయనే. అంటే చిత్రంలోని వెంటాడే సన్నివేశమూ పతాక సన్నివేశమూ ఒకే ఇంజనీరు చేతి పనుల మీద జరిగాయన్న మాట. ఈ రెండింటినీ ఒకే రోజు, చిన్నదాని తర్వాత పెద్దదాన్ని చూడడం ఉత్తమం.

గోల్డెన్ గేట్ మీద తూర్పు వైపు కాలిబాటన నడవండి. గోపురం 746 అడుగుల ఎత్తు. జోరిన్ గాలిఓడ తాడు చిక్కుకున్నది ఆ శిఖరానికే అయినా, నటీనటులు దగ్గరగా కనిపించే దృశ్యాలను ఇంగ్లండ్‌లోని పైన్‌వుడ్ స్టూడియోలో వేసిన సెట్ మీద తీశారు. దూరపు దృశ్యాలు అసలు వంతెనవి. ఆ సంగతి తెలిసి కిందినుంచి చూస్తే వంతెన మీద గౌరవం తగ్గదు, సెట్ వేసినవారి మీద గౌరవం పెరుగుతుంది. దగ్గరలోనే ఉన్న ప్యాలెస్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌ను కూడా వదలకండి. ఈ చిత్రం మొదటి ప్రదర్శన 1985 మే 22న అక్కడి థియేటరులోనే జరిగింది. 1996 నాటి 'ది రాక్'లో, ఒకప్పటి బ్రిటిష్ గూఢచారిగా నటించిన షాన్ కానరీ తన కూతుర్ని కలుసుకునేది ఆ ఆవరణలోనే. ఆ చిత్ర కథ జరిగే ఆల్కట్రాజ్ దీవికి వెళ్లాలనుకుంటే, పియర్ 33 నుంచి బయలుదేరే పడవకు చాలా ముందుగా టికెట్లు తీసుకోవాలి. అప్పటికప్పుడు దొరకడం కష్టం.

తిరుగు ప్రయాణంలో ఓక్లాండ్ మీదుగా వస్తే, స్టేసీ ఇల్లుగా చూపించిన డన్‌స్మ్యూర్ భవనం కనిపిస్తుంది. 1899లో కట్టిన ఆ తెల్లని భవనం ఇప్పుడు నగరపాలక సంస్థది. సందర్శన వేళలు చూసుకుని వెళ్లండి. ఆ కొండల అంచు వెంబడే హేవర్డ్ భూభ్రంశం సాగుతుంది. చిత్రంలో జోరిన్ ఆశపడ్డ భూభ్రంశాల్లో అదొకటి!

ప్రశ్న: 'నార్త్ బై నార్త్‌వెస్ట్'లో విమానం కథానాయకుణ్ణి తరిమే దృశ్యం కాలిఫోర్నియాలో తీశారని విన్నాను. కథలో అది ఇండియానా రాష్ట్రం కదా? అక్కడికి వెళ్తే చూడడానికి ఏమైనా ఉందా?
– ఒక పాఠకుడు, శాక్రమెంటో

జవాబు: మీరు విన్నది నిజమే. చూడడానికి ఏముందని అడిగారు. ఏమీ లేదు, వెళ్లవలసింది అందుకే.

దర్శకుడు హిచ్‌కాక్ 1959 నాటి ఆ చిత్రంలో ఇండియానా పొలాలుగా మనం నమ్మింది కెర్న్ కౌంటీలోని నేలను. డెలానో, వాస్కో పట్టణాల దగ్గర, గార్సెస్ హైవే, కార్కొరన్ రోడ్డు కలిసే పరిసరాల్లో ఆ దృశ్యం తీశారు. మీరు 99వ నంబరు హైవే మీద దక్షిణంగా డెలానో దాకా వచ్చి, అక్కడ పడమరకు తిరగాలి. ఫలకాలూ విగ్రహాలూ టికెట్లూ ఉంటాయని ఆశించకండి. బల్లపరుపు నేల, దాని మీద గీత గీసినట్టు సాగే రోడ్డు, దాక్కోవడానికి చెట్టు చాటు కూడా లేని ఆకాశం, ఇవే అక్కడ ఉన్నవి. హిచ్‌కాక్‌కు కావలసినవి కూడా సరిగ్గా ఇవే.

గూఢచారి కథల్లో ప్రమాదం సాధారణంగా రాత్రి పూట, ఇరుకు సందులో, వీధిదీపం నీడలో వస్తుంది. ఆయన దాన్ని పట్టపగలు, నలువైపులా మైళ్ల దూరం కనిపించే చోట పెట్టారు. సూటు వేసుకున్న క్యారీ గ్రాంట్ రోడ్డు పక్కన నిలబడి ఎవరి కోసమో ఎదురుచూస్తుంటాడు, ఒక కారు వస్తుంది, వెళ్లిపోతుంది, మరొకటి వస్తుంది, అదీ వెళ్లిపోతుంది. విమానం దాడి మొదలై, చివరికి ట్యాంకరును ఢీకొనేదాకా బెర్నార్డ్ హెర్మన్ సంగీతం వినిపించదు. గాలి చప్పుడూ, ఇంజను రొదా మాత్రమే. నేను అక్కడ కారు ఆపి దిగినప్పుడు చాలా దూరంలో ఒక లారీ కనిపించింది. అది నా దగ్గరకు రావడానికి పట్టిన సమయంలోనే ఆ దృశ్యంలోని కాలగతి ఎక్కడి నుంచి పుట్టిందో తెలిసివచ్చింది. ఇలాంటి నేల మీద వచ్చేది ఏదైనా చాలా ముందే కనిపిస్తుంది, కానీ వచ్చేది స్నేహమో శత్రువో చివరి క్షణం దాకా తెలియదు. ఆ అనుభవం తెర మీద చూస్తే సగమే అందుతుంది.

మరో మాట. ఇవి ఖాళీ పొలాలు కావు. ఈ డెలానో చుట్టుపక్కలే 1965 సెప్టెంబరులో ద్రాక్ష తోటల కూలీల సమ్మె మొదలైంది. ఫిలిపినో కార్మికులు ప్రారంభించిన ఆ పోరాటంలో సీజర్ చావెజ్ నాయకత్వంలోని మెక్సికన్ కార్మికులు చేరడంతో అది దేశమంతా ఎరిగిన ఉద్యమమైంది. చిత్రం కోసం వచ్చినవారు ఇది కూడా తెలుసుకుని వెళ్లాలని నా కోరిక. రోడ్డు దిగి పొలాల్లోకి వెళ్లకండి, అవి ఒకరి ఆస్తి, ఒకరి పని చోటు. దుమ్ము రేగే రోజయితే కారు అద్దాలు ఎత్తి ఉంచండి. ఆ మట్టిలోని ఒక రకం శిలీంధ్రం వల్ల వచ్చే వ్యాలీ ఫీవర్ అనే ఊపిరితిత్తుల జబ్బు కెర్న్ కౌంటీలో ఎక్కువ.

ప్రశ్న: బాండ్ చిత్రం 'మూన్‌రేకర్'లో ప్రతినాయకుడు డ్రాక్స్ నివసించే మహలు కాలిఫోర్నియాలో ఎక్కడుంది? దారిలో చూడవచ్చా?
– ఒక పాఠకుడు, ఫ్రెస్నో

జవాబు: చూడలేరు, అది ఫ్రాన్స్‌లో ఉంది. పారిస్‌కు ఆగ్నేయంగా ఉన్న వో-ల-వికోంత్ అనే 17వ శతాబ్దపు మహలును చిత్రంలో కాలిఫోర్నియాలో ఉన్నట్టు చూపారు. డ్రాక్స్ దాన్ని ఫ్రాన్స్ నుంచి రాయి రాయిగా తెప్పించి కట్టించుకున్నాడని కథలో ఒక మాట వేసి సమర్థించుకున్నారు. అలాగే 'ఎ వ్యూ టు ఎ కిల్'లోని గని పరిసరాలు కూడా ఇక్కడివి కావు, ఇంగ్లండ్‌లోని ఆంబర్లీ సున్నపురాతి క్వారీవి.

ప్రశ్న: పామ్ స్ప్రింగ్స్‌లో బాండ్ చిత్రంలోని ఇల్లు ఒకటి ఉందట. లోపలికి వెళ్లనిస్తారా? లాస్ ఏంజెలెస్ నుంచి వెళ్తాం కాబట్టి, అక్కడ ఒక రోజులో ఏం చూడవచ్చో కూడా చెప్పండి.
– ఒక పాఠకురాలు, ఇర్వైన్

జవాబు: మీరు చెబుతున్నది ఎల్‌రాడ్ హౌస్ గురించి. 1971 నాటి 'డైమండ్స్ ఆర్ ఫరెవర్'లో కోటీశ్వరుడు విల్లర్డ్ వైట్‌ను బంధించి ఉంచిన ఇల్లు అది. బాంబీ, థంపర్ అనే ఇద్దరు యువతులు షాన్ కానరీని చితకబాదేది ఆ గుండ్రటి గదిలోనే. వాస్తుశిల్పి జాన్ లాట్నర్ 1968లో ఆర్థర్ ఎల్‌రాడ్ అనే ఇంటీరియర్ డిజైనరు కోసం దాన్ని కట్టారు. పైన కాంక్రీటు గుమ్మటం, లోపల కొండరాళ్లను తొలగించకుండా గదిలోనే ఉంచేసిన నిర్మాణం. బాండ్ చిత్రాలకు భారీ సెట్లు వేసిన కెన్ ఆడమ్ ఈ చిత్రానికీ కళా దర్శకుడే, అయినా ఈ గదికి ఆయన కొత్తగా కట్టవలసింది పెద్దగా ఏమీ లేకపోయింది.

అది ప్రైవేటు ఇల్లు, గేటు ఉన్న కాలనీలో ఉంది. మామూలు రోజుల్లో లోపలికి పంపరు, గేటు దగ్గర బతిమాలడం కూడా మర్యాద కాదు. లాట్నరే రూపొందించిన హాస్యనటుడు బాబ్ హోప్ ఇల్లు అదే కొండ మీద ఉంది, దాని పెద్ద పైకప్పును కింది రోడ్డు నుంచి చూడవచ్చు. ప్రతి ఫిబ్రవరిలో పామ్ స్ప్రింగ్స్‌లో మోడర్నిజం వీక్ అనే ఆధునిక వాస్తుశిల్ప ఉత్సవం జరుగుతుంది, ఆ రోజుల్లో ఆ కాలపు ఇళ్లు కొన్నింటిని టికెట్ మీద చూపిస్తారు. ఏ ఏడాది ఏ ఇళ్లు జాబితాలో ఉన్నాయో ముందే చూసుకోండి.

నాకు బాగా నచ్చిన సంబంధం ఒకటి చెప్పాలి. 'నార్త్ బై నార్త్‌వెస్ట్'లో ప్రతినాయకుడి కొండ మీది ఇల్లు ప్రసిద్ధ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్ శైలిలో ఉంటుంది. అది నిజమైన ఇల్లు కాదు, సెట్లూ చిత్రించిన నేపథ్యాలూ కలిపి చేసినది. పన్నెండేళ్ల తర్వాత బాండ్ చిత్రానికి దొరికిన ఈ నిజమైన ఇంటిని కట్టిన లాట్నర్, ఆ రైట్ దగ్గర పని నేర్చుకున్న శిష్యుడు. గూఢచారి చిత్రాల్లో చెడ్డవాళ్లకు ఎప్పుడూ అందమైన ఆధునిక గృహాలే ఎందుకు దక్కుతాయన్న ప్రశ్నకు కొంత జవాబు ఈ గురుశిష్యుల దగ్గర ఉంది. కొండ అంచున, గాజు గోడల వెనక, కింద ఉన్న ఊరినంతా చూస్తూ బతికే మనిషి మీద ప్రేక్షకుడికి ఆశా అనుమానమూ ఒకేసారి పుడతాయి.

లాస్ ఏంజెలెస్‌లో ఉదయం వెస్టిన్ బోనావెంచర్ హోటలుకు వెళ్లండి. 1994 నాటి 'ట్రూ లైస్'లో ష్వార్జెనెగర్ గుర్రంతో సహా ఎక్కే లిఫ్టు దృశ్యాన్ని ఆ గాజు లిఫ్టులతో తీశారు. కథలో అది వాషింగ్టన్ నగరం. అక్కడికి దగ్గరలోనే ఉన్న వాల్ట్ డిస్నీ కన్సర్ట్ హాలులో 2008 నాటి 'గెట్ స్మార్ట్' పతాక సన్నివేశం జరుగుతుంది. కల్వర్ సిటీలో ఇప్పటి సోనీ స్టూడియో ఒకప్పటి ఎంజీఎం. అమెరికా అధ్యక్షుల ముఖాలు చెక్కిన అసలు మౌంట్ రష్‌మోర్ శిల్పాల మీద హింసా దృశ్యాలు తీయడానికి అనుమతి దొరకకపోవడంతో, 'నార్త్ బై నార్త్‌వెస్ట్' కోసం హిచ్‌కాక్ ఆ కొండను ఈ ఆవరణలోనే సెట్‌గా వేయించారు. 'డైమండ్స్ ఆర్ ఫరెవర్' చివర్లో కనిపించే చమురు రిగ్గు కోసం మాత్రం ఓషన్‌సైడ్ దాకా వెళ్లనక్కరలేదు. ఆ తీరానికి దూరంగా సముద్రంలో తీసిన దృశ్యమది, ఇప్పుడు అక్కడ చూడడానికి నీళ్లే ఉన్నాయి.

ప్రశ్న: 'టెనెట్' కూడా కాలిఫోర్నియాలో తీశారా? ఆ చోట్లకు వెళ్లవచ్చా?
– ఒక విద్యార్థి, రివర్‌సైడ్

జవాబు: కొంత భాగం తీశారు. ఓస్లో విమానాశ్రయంలో విమానం భవనాన్ని గుద్దుకునే దృశ్యానికి వేదిక విక్టర్‌విల్‌లోని విమానాశ్రయం. అందుకోసం క్రిస్టఫర్ నోలన్ బృందం వాడకం నుంచి తప్పించిన బోయింగ్ 747ను కొని, నిజంగానే గుద్దించింది. రన్‌వే వైపు వెళ్లడానికి వీలు లేదు గాని, ఎడారి ఎండలో బారులు తీరిన పాత విమానాలు బయటి రోడ్ల నుంచే కనిపిస్తాయి.

సైబీరియాలోని రహస్య నగరంగా చూపించిన చోటు మీ కౌంటీలోనే ఉంది: కైజర్ స్టీల్ సంస్థ ఇనుప గని కోసం వెలసి, గని మూతపడ్డాక ఖాళీ అయిపోయిన ఈగిల్ మౌంటెన్ అనే ఊరు. అక్కడికి వెళ్లవద్దని గట్టిగా చెబుతున్నాను. అది ప్రైవేటు స్థలం, భవనాలు శిథిలం, దగ్గరలో సాయం దొరకదు. దాని పక్కనే ఉన్న జాషువా ట్రీ జాతీయ ఉద్యానంలో అదే రాయి, అదే వెలుతురు కనిపిస్తాయి. నీళ్లు వెంట తీసుకెళ్లండి.

ప్రశ్న: ఈ ప్రయాణానికి ఏ కాలం మంచిది? ఇండియా నుంచి వచ్చే మా అన్నయ్య అక్కడి లైసెన్సుతో కారు నడపవచ్చా?
– ఒక పాఠకుడు, ఫ్రీమాంట్

జవాబు: అక్టోబరు అన్నిటికన్నా మంచిది. వేసవిలో శాన్ ఫ్రాన్సిస్కోలో పొగమంచు గోల్డెన్ గేట్ గోపురాలను కప్పేస్తుంది, అదే సమయంలో పామ్ స్ప్రింగ్స్‌లో ఎండ 110 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా డెలానో వైపు లోయలో టూలీ ఫాగ్ అనే దట్టమైన పొగమంచు నేలకు అంటుకుని ఉంటుంది. 99వ నంబరు హైవే మీద దానివల్ల వరుస ప్రమాదాలు జరిగాయి. ఆ నెలల్లో వెళ్లక తప్పకపోతే ఉదయం పూట అక్కడ కారు తీయకండి. మార్చి, ఏప్రిల్ కూడా బాగుంటాయి.

మీ అన్నయ్యగారికి 18 ఏళ్లు నిండి, చెల్లుబాటులో ఉన్న లైసెన్సు ఉంటే సందర్శకుడిగా కాలిఫోర్నియాలో కారు నడపవచ్చు. అద్దె కారు తీసుకునేటట్టయితే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా తెచ్చుకోమనండి, కొన్ని సంస్థలు అడుగుతాయి. గోల్డెన్ గేట్ మీద దక్షిణంగా, అంటే నగరంలోకి వచ్చేటప్పుడు మాత్రమే టోల్ ఉంటుంది. అక్కడ నగదు తీసుకోరు, నంబరు ప్లేటును ఫొటో తీసి బిల్లు పంపుతారు. అద్దె కారు సంస్థ దాని మీద తన రుసుము వేయకుండా ఉండాలంటే, ఆ నంబరు మీద ముందుగానే ఆన్‌లైన్‌లో చెల్లించండి. నగరంలో కారు ఆపినప్పుడు ఒక్క సంచి కూడా కనిపించేలా వదలకండి, అద్దాలు పగలగొట్టే దొంగతనాలు అక్కడ మామూలే. గోల్డెన్ గేట్ పక్కనున్న జాతీయ ఉద్యాన స్థలాల్లో డ్రోన్లు ఎగరేయడం నిషేధం, కాబట్టి దాన్ని ఇంట్లోనే ఉంచి రావడం మేలు.